ఎత్తిన చోటే దించాలి

జగ్గమ్మకి కోపం వస్తే గిన్నెలు తోముతుంది. మున్సిపాలిటీ క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో ఆ చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినపడేది, మొగుడు కోదండం తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి జారుకునేవాడు. ఇప్పుడు ఇల్లూ వాకిలీ అన్నీ ఒక పాత బండే. అందులోంచి జారుకోవాలంటే వెనక తలుపు గడియ తీసి, రెండు కుక్కల్ని దాటి, రోడ్డు మీదికి దూకాలి. అరవై దాటిన మోకాళ్ళతో అది అయ్యే పని కాదు. అందుకని ఆ జ్యేష్ఠమాసపు పొద్దున, చేట్లా కాలవ పక్కన ఆపిన బండిలో, అతను డ్రైవరు సీట్లోనే కూర్చుని చేతిలో కాగితం పెట్టుకుని ఏమీ వినపడనట్టు నటిస్తున్నాడు.

“ఈ రోజేటి, ఏ పాడా?” అంది జగ్గమ్మ, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ. కలకత్తాలో పేటని పాడా అంటారు. తెలుగులో పోట్లాడుకున్నా ఆ మాట మాత్రం బెంగాలీదే వస్తుంది వాళ్ళకి.

“చేట్లాలో ఇంకా రెండు సందులు మిగిలిపోనాయి. అవి సూసీసి, మజ్జేనం అలీపూరు పక్కకి ఎల్దాం.”

“ఎల్దాం. ఎల్దాం తప్ప ఉందాం అన్న మాట నీ నోట్లో లేదు కదా మావా.”

మావా అని పిలవడం పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. ఇద్దరిదీ మేనరికం. ఇద్దరి తాతలూ టెక్కలి వైపు నుంచి ఒకే రైలెక్కి హౌరాలో దిగి, ఒకే మున్సిపాలిటీలో చీపుళ్ళు పట్టారు. మూడో తరంలో కోదండం చీపురు వదిలి స్టీరింగు పట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు కుక్కల బండి తోలాడు.

వీధికుక్కల్ని పట్టుకొచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, గుర్తుగా చెవికొన కాస్త కత్తిరించి, గాయం మానాక తిరిగి వదిలెయ్యడం ఆ బండి పని. దానికి ఒకటే సూత్రం. ఎత్తిన చోటే దించాలి. ఏ సందులో పట్టుకుంటే ఆ సందులో, ఏ స్తంభం దగ్గరైతే ఆ స్తంభం దగ్గరే. ఒక పాడా కుక్కని ఇంకో పాడాలో వదిలితే అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోదండం ఒకసారి ఆ తప్పు చేశాడు. మర్నాడు అదే దారిన వెళ్తూ మురిక్కాలవలో దాన్ని చూశాడు. ఆ సంగతి జగ్గమ్మకి పెళ్ళయిన ఏడాదికి ఒక్కసారి చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ తప్పు తర్వాత తనకి తానుగా ఇంకో రెండు సూత్రాలు పెట్టుకున్నాడు. కుక్కని దించేటప్పుడు ఇంజను ఆపకూడదు. ఆపితే జనం పోగై, మా కుక్కని ఏం చేశావని పంచాయితీ పెడతారు. పైగా బండి వెళ్ళిపోవడం ఆ కుక్క కళ్ళారా చూడాలి, లేకపోతే వాసన పట్టుకుని బండిని వెతుక్కుంటూ పరాయి పాడాలో పడుతుంది. రెండోది, వెళ్ళేటప్పుడు అద్దంలో వెనక్కి చూడకూడదు. చూస్తే ఒక్కోసారి బండి వెనక పరిగెత్తుకొచ్చే కుక్క కనపడుతుంది. కనపడితే మనసాగదు, మనసాగకపోతే ఈ ఉద్యోగం సాగదు.

ఇంత పద్ధతైన మనిషి, రిటైరయ్యే రోజున మతిలేని పని చేశాడు. ఇన్నేళ్ళు కూడెట్టిన బండిని మాసిన బట్టల్లో అప్పగించడం ఏమిటని, గొట్టం పెట్టి లోపలా బయటా శుభ్రంగా కడిగాడు. లోపల పన్నెండు బోన్లు, వాటిలో ఆ రోజు దించాల్సిన పన్నెండు కుక్కలు. ప్రతి బోను మీదా నంబరు పెయింటుతో, కింద ఆ కుక్కని ఎత్తిన సందు పేరు సుద్దతో రాసి ఉంటుంది. నీళ్ళకి పెయింటు నిలిచింది, సుద్ద కొట్టుకుపోయింది. మెడలో బంతిపూల దండ వేసుకుని, చేతిలో సందేశ్ మిఠాయి పెట్టెతో వీడ్కోలు సభ నుంచి తిరిగొచ్చి చూసుకునేసరికి పన్నెండు బోన్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి. పది కుక్కల్ని మొహం చూసి గుర్తుపట్టాడు. ఏడో బోనులోదీ పదకొండో బోనులోదీ అతను పింఛను కాగితాల కోసం వెళ్ళిన రోజున వేరే డ్రైవరు ఎత్తినవి. ఆ డ్రైవరు మర్నాటికే లారీ పని దొరికి ఎటో వెళ్ళిపోయాడు. భవానీపూర్‌కీ ఖిదిర్‌పూర్‌కీ మధ్యలో ఎక్కడో ఎత్తారన్నదొక్కటే తెలుసు. ఎక్కడో అక్కడ దించెయ్యి దాదా, ఎవరు చూడొచ్చారు అన్నారు తోటివాళ్ళు. కోదండం ఆ రెండింటినీ తాడు కట్టి క్వార్టర్స్‌కి నడిపించుకొచ్చాడు.

ఆ తర్వాత క్వార్టర్స్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. కుక్కలతో అద్దెకి ఎవరూ ఇవ్వలేదు. అదే సమయానికి ఆ పాత బండిని అమ్మకానికి పెట్టారు. జగ్గమ్మ ఊఁ అనకముందే, ఉఁహూఁ అనకముందే, కోదండం దాన్ని కొనేసి ఆకుపచ్చ మీద నీలం రంగు పులిమి ఇంటి ముందు నిలబెట్టాడు. బోన్లు పీకి ఒకవైపు బల్ల వేశాడు, పడకకి. రెండోవైపు గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, జగ్గమ్మ ట్రంకుపెట్టె. రెండు కుక్కలకీ వాటి చోటు దొరికేదాకానే ఈ కాపురం అన్నాడు. ఎంత ఆలస్యమైనా దుర్గాపూజల లోపు అయిపోవాలి, ఎందుకంటే భాద్రపదంలో బండికి పదిహేనేళ్ళు నిండుతాయి, నిండితే కలకత్తాలో తిరగనివ్వరు, తుక్కు కిందే లెక్క.

చూడాల్సిన సందులు రెండు వందల పద్నాలుగు. కాగితం మీద అవే రాసుకున్నాడు.

కూతురు వసుధ ఖరగ్‌పూర్ నుంచి ఫోను చేసి, విదేశాల్లో బాగా ఉన్నవాళ్ళే కుక్కల్ని వేసుకుని ఇలా బండ్లలో తిరుగుతారమ్మా, వీడియోల్లో చూశాను అని సర్దిచెప్పింది. ఆ వీడియోల్లో స్నానం ఎక్కడ చేస్తారో చూపించారా అని జగ్గమ్మ అడిగింది. వసుధ మాట మార్చింది. జవాబు జగ్గమ్మకి తెలుసు. తెల్లారుతూనే కాలీఘాట్ రేవులో చీరతోనే మునగాలి. పంపు నీళ్ళు వచ్చే వేళకి డబ్బాలతో వరసలో నిలబడి, ఏ పాడా దానివి అని అడిగిన ప్రతివాళ్ళకీ కొత్త అబద్ధం చెప్పాలి. అన్నం ఉడికే వేళకి తెల్ల యూనిఫాం ట్రాఫిక్ సార్జెంటు వచ్చి బానెట్ మీద చరిస్తే, ఉడుకుతున్న గిన్నెని ఒళ్ళో పెట్టుకుని కదలాలి. రెండు రోజులు ఒకచోట ఆపితే ఆ పాడా క్లబ్బువాళ్ళు వచ్చి, దాదా ఎన్నాళ్ళుంటారు అని మర్యాదగానే అడుగుతారు. ఆ మర్యాద జగ్గమ్మకి తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకునేది. రాత్రి పడుకుంటే ఒళ్ళు ఇంకా కదులుతున్నట్టే ఉండేది. ఎన్ని అగరొత్తులు వెలిగించినా ఫినాయిలు వాసన పోయేది కాదు.

ఇవి చాలవన్నట్టు ఇంజనొకటి. వీధికుక్కలు రంగు చూడవు కదా. నీలం పులిమినా ఎరుపు పులిమినా, ఆ ఇంజను దగ్గు వినపడగానే సందులో కుక్కలన్నీ మాయమైపోయేవి. కలకత్తాలో కోదండం పేరు తెలియని కుక్క లేదు, ఇష్టపడే కుక్కా లేదు. అందుకని బండిని దూరంగా ఆపి, కుక్కల్ని తాళ్ళతో నడిపించుకుంటూ ఒక్కొక్క సందూ తిరగాలి. అక్కడి కుక్కలు బొచ్చు నిక్కబొడుచుకుని మీదికొస్తే ఇది కాదు. కాగితం మీద గీత. మళ్ళీ బండి.

ఆ రెండింటికీ కోదండం పేర్లు పెట్టలేదు, పెట్టనివ్వలేదు. గోధుమరంగు కుర్రకుక్క ఏడు. నుదుటి మీద నల్ల మచ్చ ఉన్న ముసలి ఆడకుక్క పదకొండు. “దాని పాడాలో దానికో పేరుంటాది. మనం ఇంకోటి పెడితే అసల్ది మర్సిపోద్ది,” అనేవాడు. జగ్గమ్మ సరేననేది. అతను టీకి వెళ్ళినప్పుడు మాత్రం పదకొండుని సుక్కా అని పిలిచేది. అది తోకతో రెండుసార్లు బల్లని కొట్టేది. చలువ చేస్తుందని చద్దన్నం నీళ్ళు దానికే పోసేది. తన పాత ఎర్ర అంచు చీర చింపి దాని మెడకి పట్టీ కూడా అల్లింది. తాడు ఒరుసుకుంటోందన్నది పైకి చెప్పిన కారణం.

ఆ రోజు చేట్లాలో మిగిలిన రెండు సందుల్లో రెండోది తగిలింది. మలుపు తిరగగానే ఏడు ఆగిపోయి, చెవులు వెనక్కి వేసి, చిన్నపిల్లలా కుయ్‌మంది. ఇస్త్రీ బల్ల కింద నుంచి రెండు కుక్కలు లేచొచ్చి మూతి మూతి వాసన చూసుకున్నాయి. ఒక్కటీ మొరగలేదు. ఇస్త్రీ చేసే ఆమె పెట్టె పక్కన పెట్టి, “భోలా, చచ్చిపోయావనుకున్నానురా” అంది బెంగాలీలో. కోదండం దాన్ని మళ్ళీ బండి దగ్గరికి నడిపించుకొచ్చి, ఎక్కించి, బండిని సందులోకి తెచ్చి, ఇంజను ఆపకుండా తలుపు తీశాడు. ఏడు దూకింది. తలుపు వేసుకుని నేరుగా ముందుకి చూస్తూ వెళ్ళిపోయాడు. అద్దం వైపు కన్నెత్తలేదు.

“ఒక పని అయిపోనాది,” అన్నాడు అలీపూరు వంతెన మీద. మొహంలో వెలుగుంది. జగ్గమ్మకీ సంతోషమే. సగం భారం తీరింది, ఇంకొక్కటి దిగితే తనకీ నాలుగు గోడలు వస్తాయి. కానీ మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు నాలుగు పళ్ళేలు తీసి, నాలుగోదాన్ని ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. ఏడు మీద ఆమెకి పెద్ద ప్రేమ లేదు. మరి ఆ పళ్ళెం ఎందుకు బరువెక్కిందో ఆమెకే అర్థం కాలేదు.

ఆషాఢంలో వాట్‌గంజ్ నుంచి మేరీరాణి కబురు చేసింది. ఆమె జగ్గమ్మకి క్వార్టర్స్ నాటి స్నేహితురాలు. ఓడరేవు పనివాళ్ళుండే వరసలో తన ఇంటి పక్క గది ఖాళీ అవుతోందని, కొళాయి లోపలే ఉందని, అయితే ఇంటాయన కుక్కని గుమ్మం తొక్కనివ్వడని చెప్పింది. జగ్గమ్మ ఒక పూటకని వెళ్ళి, ఆ గది చూసి, ఆ కొళాయి తిప్పి, చెయ్యి కింద పెట్టి చాలాసేపు నిలబడింది. సాయంత్రం బండి దగ్గరికి తిరిగొచ్చేసరికి కోదండం సాలచెట్టు ఆకు దొన్నెలో కచూరీలు తెచ్చి పెట్టాడు. ఇంగువ ఘాటు, లోపల మినప్పిండి, పక్కన తొక్కతోనే ఉడికించిన బంగాళాదుంప కూర. అలాంటి కచూరీ ఆమె ఎన్నడూ తినలేదు.

“ఎక్కడివి మావా?”

“భవానీపూర్ ఎల్లినాను. ఆ పక్క అన్నీ సూసీసినాను. అది అయిపోనాది.”

కాగితం మీద భవానీపూర్ సందులన్నిటి మీదా గీతలు. పదకొండు బల్ల కింద పడుకుని జగ్గమ్మ కాలి మీద గడ్డం ఆనించుకుంది. జగ్గమ్మ ఒక కచూరీ తుంచి దానికి పెట్టింది. ఆ తర్వాత మూడు వారాలూ అలీపూరు, మోమిన్‌పూర్, ఖిదిర్‌పూర్, మళ్ళీ మొదటికొచ్చి అలీపూరు. తిరిగిన సందులే తిరుగుతుంటే ఆమె పళ్ళు నూరింది. పదకొండు మాత్రం ఎక్కడా చెవి కదపలేదు.

శ్రావణంలో ఒకరోజు హాజ్రా దగ్గర బండి పొగలు కక్కి ఆగిపోయింది. కోదండం మెకానిక్కు పక్కన నిలబడి అతనికి ఇంజను గురించి పాఠం చెబుతుంటే, విసుగొచ్చి జగ్గమ్మ ఒక చేత్తో నీళ్ళ డబ్బా, ఒక చేత్తో పదకొండు తాడూ పట్టుకుని బయల్దేరింది. రెండు వీధులు నడిచారో లేదో తాడు బిగిసింది. ఎన్నడూ లాగని కుక్క. ఆ ముసలి కాళ్ళలో అంత బలం ఎక్కడ దాచుకుందో గాని, భవానీపూర్‌లో పాత ఇళ్ళ మధ్య ఒక ఇరుకు సందులోకి ఆమెని దాదాపు ఈడ్చుకుపోయింది. అరుగు మీద నిద్రపోతున్న కుక్కలు లేచి తోకలాడించాయి. మూకుడు ముందు కూర్చుని ఏదో వేయిస్తున్న బట్టతల మనిషి తలెత్తి చూసి, జల్లిగరిటె గాల్లోనే ఆపేశాడు.

“ఖుకీ,” అన్నాడు.

ఖుకీ అంటే చిన్నపిల్ల. పళ్ళు సగం ఊడిన ముసలికుక్కకి ఆ పేరు. పదకొండు ఒళ్ళంతా ఊగిపోయింది. తోకొక్కటే కాదు, నడుము, భుజాలు, నల్లమచ్చ నుదురు, అన్నీ.

ఇదే క్షణం కోసం జగ్గమ్మ ఐదు నెలలు రేవులో మునిగింది, సార్జెంట్లకి దండాలు పెట్టింది. తాడు వదిలి, మొగుడికి కబురు చెబితే అయిపోయేది. కొళాయి లోపలే ఉన్న గది. ఆమె తాడుని రెండు చుట్లు చేతికి చుట్టుకుని, నీళ్ళ డబ్బా అక్కడే పారేసి, కుక్కని ఎత్తుకున్నంత పని చేసి గిరుక్కున తిరిగింది. వెనక నుంచి దిదీ, దిదీ అని ఆయన పిలుస్తున్నాడు. మూకుట్లో నూనె కాగుతోంది కాబట్టి లేచి రాలేదు. ఆమె వెనక్కి చూడలేదు. భవానీపూర్ అంతా గీతలు కొట్టిన మావ కాగితంలో ఈ సందొక్కటీ ఎక్కలేదు కాబోలు అనుకుంది.

“డబ్బా ఏది?” అన్నాడు కోదండం.

“పగిలిపోనాది.”

ఆ రాత్రి నుంచి ఆమెకి తిండి సహించలేదు. గిన్నెలు కూడా తోమలేదు. అది గమనించి కోదండమే భయపడ్డాడు. పదకొండు తిన్నగా పడుకోవడం మానేసింది. తలుపు దగ్గర కూర్చుని గడియ వంక చూసేది. జగ్గమ్మ సుక్కా అని పిలిస్తే మర్యాద కోసం ఒకసారి తోక కదిపి మళ్ళీ గడియ వంకే చూసేది. దొంగతనం చేసిన సొమ్ము ఇంట్లో పెట్టుకున్నట్టు ఉండేది జగ్గమ్మకి. పైన వాన. ఖిదిర్‌పూర్ సందుల్లో మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో ఈ మనిషి లుంగీ ఎగ్గట్టుకుని, ముసలికుక్కని భుజాన వేసుకుని, సందు సందూ తిరిగి సాయంత్రానికి దగ్గుకుంటూ వచ్చేవాడు. వచ్చి, తడిసిన కాగితం పొయ్యి మీద ఆరబెట్టి, గీతలు గీసేవాడు. తను దాచిన దానికోసం అతను అలా తిరగడం చూడలేక ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. తనకీ ఇంజనుకీ ఒకటే దగ్గు వస్తోందని నవ్వించబోయాడొకసారి. ఆమె ఏడ్చింది.

ఆరో రోజున మేరీరాణి ఫోను చేసింది. “ఆదివారం దాకే ఆగుతాడంట ఇంటాయన. ఏటి సెప్పమంటావే జగ్గా?”

“రేపు సెప్తాను,” అంది జగ్గమ్మ. మర్నాడు కోదండం దగ్గుమందు కోసం వెళ్ళగానే పదకొండుని ఆటో ఎక్కించుకుని భవానీపూర్‌లో దిగింది. సందు మొదట్లోనే పదకొండు మెడలో తాడు విప్పేసింది. ఎర్ర పట్టీ విప్పడానికి మాత్రం చెయ్యి రాలేదు. కుక్క నేరుగా పోయి మూకుడు పక్క సిమెంటు గట్టు మీద, అరిగి గుంటపడిన చోట, అచ్చు తన ఒంటికి సరిపోయేలా ముడుచుకుని పడుకుంది. ఎన్నేళ్ళు పడుకుంటే సిమెంటు అలా అరుగుతుందో.

బట్టతల మనిషి పేరు నిమాయి. జగ్గమ్మని చూసి ఆశ్చర్యపోలేదు. బల్ల చూపించి, సాలాకు దొన్నెలో రెండు కచూరీలు పెట్టి ఇచ్చాడు. వద్దనబోయి, ఏడుపు ఆపుకోవడానికి ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. ఇంగువ ఘాటు. మినప్పిండి. తొక్కతో ఉడికిన బంగాళాదుంప.

నములుతున్న నోరు ఆగిపోయింది.

“మొన్న మీరు తెచ్చి తీసుకుపోయారు,” అన్నాడు నిమాయి బెంగాలీలో, కొత్త వాయి వేస్తూ. “నెల కిందట దాదా కూడా అంతే. నీలం బండి వేసుకొచ్చి దీన్ని దించి వెళ్ళిపోయాడు. ఐదు నిమిషాలకి రొప్పుకుంటూ నడిచొచ్చాడు. మందు వేసేది ఉంది, రేపు తెస్తానన్నాడు. ఇదే ఎర్ర పట్టీ. కచూరీలు కట్టించుకుని, దీన్ని తీసుకుని పోయాడు. రేపన్న మనిషి మళ్ళీ రాలేదు. ఇంతకీ దీనికి ఏం జబ్బు దిదీ?”

జగ్గమ్మకి నవ్వొచ్చింది, దాంతోపాటే కన్నీళ్ళూ వచ్చాయి. ఏ జబ్బూ లేదని చెప్పింది. ఇంకొక్క పూటకి తీసుకెళ్తాను దాదా, రేపు పద్ధతి ప్రకారం తెస్తాం, మా ఆయన చేతులతో దించాలి అంది. నిమాయి, మీ ఇష్టం అన్నట్టు తలూపాడు. నమ్మినట్టు మాత్రం కనపడలేదు.

కోదండం బండిలో కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కుక్కతో ఆమె ఎక్కడికెళ్ళిందోనని బెంగపడ్డ మొహం. జగ్గమ్మ ఎదురుగా కూర్చుంది.

“మావా, నిమాయిదా నిన్ను అడిగినాడు.”

ఏ నిమాయి అని అతను అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

“దించీసినాను ఓలె,” అన్నాడు చివరికి. “రూలు ప్రకారమే దించీసినాను. ఇంజను ఆపలేదు. మలుపు కాడ అద్దంలో సూసినాను.”

“ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడూ సూడలేదు కదా.”

“సూడలేదు. ఆ రోజు సూసినాను. ఎనకాల పరిగెత్తుకొస్తాదనుకున్నాను. వొస్తే, పాపం అదే వొచ్చీసిందిలే అని ఎక్కించుకుందును. రాలేదు. గట్టు మీద తొంగుని బండిని సూస్తంది, అంతే. నానే ఎనక్కెల్లినాను. ఏటి సెప్పమంటావు. సిగ్గేసి సెప్పలేదు.”

“మరి ఈ వానలో నెల్రోజులు దాన్ని ఎందుకు తిప్పినావు?”

“తిప్పకపోతే నువ్వడుగుతావు కదా.”

జగ్గమ్మ అతని చేతిలో కాగితం లాక్కుని చింపి బయట పారేసింది. “నాను ఆరు రోజులు దాసినాను,” అంది. “నాకూ దొరికింది. దొరికితే ఎత్తుకొచ్చీసినాను. నువ్వు నా మూలాన తిరుగుతున్నావని ఏడుస్తున్నాను. నువ్వు సూస్తే దొంగసచ్చినోడివి.” కోదండం నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆమె వీపు రుద్దింది. పదకొండు ఇద్దరినీ ఒకసారి చూసి మళ్ళీ తలుపు గడియ వైపు తిరిగింది. అది చూశాక ఇద్దరూ నవ్వు ఆపేశారు.

“దానికి దాని చోటు కావాల,” అంది జగ్గమ్మ. “రోజూ తలుపు కాడే కూకుంటంది. ఇంక ఉంచుకుంటే పాపం.”

“రేపు పొద్దున్నే,” అన్నాడు కోదండం.

మర్నాడు వాన తెరిపిచ్చింది. బండి దగ్గుకుంటూ సందులోకి వచ్చేసరికి కుక్కలన్నీ ఎక్కడివక్కడ మాయమయ్యాయి. నిమాయి మూకుడు ముందు నుంచి చూస్తున్నాడు. కోదండం దిగకుండా, ఇంజను ఆపకుండా, చెయ్యి చాచి గడియకి కట్టిన తాడు లాగి వెనక తలుపు తెరిచాడు. పదకొండు జాగ్రత్తగా ముందుకాళ్ళు దించి, తర్వాత వెనకకాళ్ళు దించి, గట్టు దగ్గరికి నడిచి వెళ్ళి గుంటలో ముడుచుకుంది. అక్కడి నుంచి బండి వంక చూసింది. లేచి రాలేదు. జగ్గమ్మ కోసం తోక కూడా ఊపలేదు. దాని ఇంటికి అది వచ్చింది, వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళాలి. పద్ధతి అదే.

కోదండం గేరు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి కదల్లేదు. కళ్ళు అద్దంలో ఉన్నాయి. బండి మొత్తం వణుకుతోంది, గిన్నెలు గలగలమంటున్నాయి, ఈ ఐదు నెలలూ జగ్గమ్మ ఒంట్లో వణికిన వణుకే అది. వాట్‌గంజ్ గది కళ్ళ ముందు మెదిలింది. కొళాయి లోపలే ఉంది, ఇప్పుడు కుక్క కూడా లేదు. అడ్డం ఏమీ లేదు. ఇంత కోరుకున్నది చేతికి అందేసరికి ఆ గదిలో ఆమెకి ఖాళీ గుమ్మం తప్ప ఏమీ కనపడలేదు.

“ఎల్దాం,” అన్నాడు కోదండం అద్దంలోంచి కళ్ళు తియ్యకుండానే.

జగ్గమ్మ వంగి తాళం తిప్పింది. ఇంజను ఒకటి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కోదండం బిత్తరపోయి ఆమె వంక చూశాడు.

ఆమె కొంగు నడుముకి దోపుకుని దిగి, చప్పుడాగిన సందులో నిమాయి దగ్గరికి నడిచి వెళ్ళింది. ఈ సందులో మా ఇద్దరికీ సరిపడా గది ఏదైనా ఖాళీ ఉందా దాదా, కొళాయి బయట ఉన్నా ఫరవాలేదు అని అడిగింది. నిమాయి జల్లిగరిటె దించి ఆలోచించి, పాత ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఒకటి ఉండాలి, కనుక్కోవాలి అన్నాడు. పారిపోయిన కుక్కలు ఒక్కొక్కటే అరుగుల కింద నుంచి తలలు బయట పెట్టాయి. కోదండం స్టీరింగు పట్టుకుని ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. కుక్కని దించిన చోట తను కూడా దిగొచ్చని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

“దిగు మావా,” అని పిలిచింది జగ్గమ్మ.